నీటి మీద పొగ: ఒక అగ్నిప్రమాదం, ఒక గిటార్ వరస

(సంగీతాభిమానుల సాయంకాల సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

రాక్ సంగీతంలోంచి ఒక్క పాట ఎంచుకుని మాట్లాడమన్నారు. ముందు వరసలో త్యాగరాజ కీర్తనలు విని పెరిగిన పెద్దలున్నారు. వెనక గిటార్ సంచులు భుజాన వేసుకొచ్చిన కుర్రాళ్ళున్నారు. వెనక వాళ్ళకు ఈ పాట తెలియకపోయే ప్రశ్నే లేదు. ముందు వాళ్ళు పేరు వినకపోయినా, ఆ గిటార్ వరస ఎక్కడో ఒకచోట చెవిన పడే ఉంటుంది. అందుకే డీప్ పర్పుల్ బృందం పాడిన ‘స్మోక్ ఆన్ ద వాటర్’ తీసుకున్నాను. నీటి మీద పొగ. 1971 డిసెంబరులో రికార్డు చేశారు, 1972లో ఆల్బమ్‌లో వచ్చింది, 1973లో హిట్ అయింది. ఈ మూడు తేదీల మధ్య ఎడం ఎందుకుందో కూడా చెప్తాను, అందులో తమాషా ఉంది.

ముందు ఒక్క మాట. ఈ పాటలో ప్రేమ లేదు, విరహం లేదు, తిరుగుబాటు లేదు, తత్వం అసలే లేదు. ఎవరు ఏ ఊరికి ఏ పని మీద వచ్చారు, అక్కడ ఏది తగలబడింది, ఎలా అంటుకుంది, ఎవరు పిల్లల్ని బయటికి లాగారు, చోటు పోయినవాళ్ళు చివరికి ఎక్కడ సర్దుకుని పని పూర్తిచేశారు. ఇంతే. జిల్లా ఎడిషన్‌కి విలేకరి రాసి పంపే వార్తకు కావలసిన సరుకు. మన పల్లెల్లో కూడా ఒకప్పుడు గాలివాన వచ్చినా, కరువొచ్చినా దాని మీద పాట కట్టి తిరనాళ్ళలో పాడేవాళ్ళు కదా. జరిగింది జరిగినట్టు, ఊరి పేరుతో, మనుషుల పేర్లతో. ఈ పాటది కూడా అదే జాతి అని నా అభిప్రాయం. కరెంటు గిటార్ ఉంది కాబట్టి రాక్ అన్నారు.

సరే, కథలోకి వస్తాను.

1971 నాటికి డీప్ పర్పుల్‌లో ఉన్న ఐదుగురూ బ్రిటన్ వాళ్ళు. గిటార్ రిచీ బ్లాక్‌మోర్, గాత్రం ఇయాన్ గిలన్, బేస్ గిటార్ రోజర్ గ్లోవర్, హ్యామండ్ ఆర్గన్ అనే కరెంటు కీబోర్డు జాన్ లార్డ్, డ్రమ్స్ ఇయాన్ పేస్. మనుషులు మారుతూ వచ్చిన బృందం కాబట్టి అభిమానులు ఈ ఐదుగురినీ ‘మార్క్ టూ’ అంటారు. 1970లో ‘ఇన్ రాక్’ అనే ఆల్బమ్‌తో వీళ్ళకు పేరొచ్చింది. 1971 శరత్కాలంలో అమెరికా పర్యటన మొదలుపెట్టారో లేదో, గిలన్‌కు కామెర్లొచ్చాయి. హెపటైటిస్. పర్యటన ఆపేశారు. అలా దొరికిన తీరికలో కొత్త ఆల్బమ్ చేద్దామనుకున్నారు.

స్టూడియోలో వద్దనుకున్నారు. వేదిక మీద వాయించేటప్పుడు వచ్చే ఊపు స్టూడియో గదిలో రావడం లేదని వాళ్ళ బాధ. బ్రిటన్‌లో పన్నుల పోటు ఒకటి. అందుకని స్విట్జర్లండ్‌లోని మోంట్రో అనే ఊరు ఎంచుకున్నారు. జెనీవా సరస్సు ఒడ్డున, వెనక ఆల్ప్స్ కొండలతో ఉండే విహార స్థలం. అక్కడ సరస్సు పక్కనే ఒక క్యాసినో ఉండేది. జూదశాల ఒక్కటే కాదు, అందులో కచేరీలు జరిగే పెద్ద హాలు కూడా ఉంది. 1967లో మోంట్రో జాజ్ ఫెస్టివల్ మొదలుపెట్టిన క్లోడ్ నోబ్స్ అక్కడ కచేరీలు ఏర్పాటు చేసేవాడు. చలికాలానికి క్యాసినో మూసేస్తారు, ఆ ఖాళీ హాల్లో మీరు రికార్డింగ్ చేసుకోండి అన్నాడు. యంత్రాలేమో రోలింగ్ స్టోన్స్ వాళ్ళ సంచార స్టూడియో. ఒక లారీలో రికార్డింగ్ సరంజామా అంతా బిగించి ఉంటుంది, ఎక్కడ కావాలంటే అక్కడికి తోలుకెళ్ళి ఆపుకోవచ్చు. అదే సంవత్సరం స్టోన్స్ వాళ్ళు ఫ్రాన్స్‌లో ఒక బంగళా ముందు ఆ లారీ నిలిపి వాళ్ళ ఆల్బమ్ చేసుకున్నారు.

డీప్ పర్పుల్ వాళ్ళు డిసెంబరు 3న దిగారు. క్యాసినోలో మూసేసే ముందు ఒకే ఒక్క కచేరీ మిగిలింది. మర్నాడు శనివారం, డిసెంబరు 4, మధ్యాహ్నం. ఫ్రాంక్ జాపా, ఆయన బృందం మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్. జాపా గురించి తెలియనివాళ్ళకు ఒక్క ముక్క: రాక్, జాజ్, పాశ్చాత్య శాస్త్రీయం, వెటకారం, అన్నీ కలిపి రుబ్బిన అమెరికన్. పగటిపూట ఆట కాబట్టి వచ్చినవాళ్ళలో కుర్రకారే ఎక్కువ. మన డీప్ పర్పుల్ వాళ్ళూ ప్రేక్షకుల్లో కూర్చున్నారు. ఆట అయిపోతే హాలు తమదే కదా.

కచేరీ మొదలై గంట దాటింది. ‘కింగ్ కాంగ్’ అనే పాట నడుస్తోంది, డాన్ ప్రెస్టన్ సింథసైజర్ మీద సోలో వాయిస్తున్నాడు. ప్రేక్షకుల్లోంచి ఎవడో ఫ్లేర్ గన్ పేల్చాడు. సముద్రంలో ఓడలు ప్రమాదంలో చిక్కుకుంటే ఆకాశంలోకి వెలుగు కాల్చే తుపాకి అది. సంగీత కచేరీకి దాన్నెందుకు తెచ్చాడో వాడికే తెలియాలి. హాలు పైకప్పుకు పేము, వెదురు లాంటి వాటితో అలంకరణ ఉంది. నిప్పు అందులో పడింది. మొదట చిన్నగా, ఆర్పేయొచ్చు అన్నట్టే ఉందట. పాట ఆగింది. జాపా మైకు దగ్గరికొచ్చి, గాభరా పడకండి, నెమ్మదిగా బయటికి నడవండి అన్నాడు. ఆ మాటలు రికార్డయ్యాయి కూడా. ఎవరో దొంగచాటుగా తీసిన టేపు అది. ఆ దొంగ రికార్డునే తర్వాతి కాలంలో ఆయన అధికారికంగా విడుదల చేశాడు. అదీ జాపా.

ఇక్కడ నేను కాస్త నిలబడతాను. కప్పు అంటుకున్న హాలు, నిండా జనం, అందులో సగం పిల్లలు. మనం ఎన్ని తొక్కిసలాటలు చదవలేదు, ఎన్ని చూడలేదు? ఆ రోజు క్యాసినో పునాదుల దాకా కాలిపోయింది, ఒక్క ప్రాణం కూడా పోలేదు. వేదిక మీద మనిషి గొంతు పెంచకపోవడం ఒక కారణం. రెండో కారణం క్లోడ్ నోబ్స్. కంగారులో కొందరు పిల్లలు దారి తప్పి లోపలికే పోయారు. ఆయన మంటల్లోకి వెళ్ళి వాళ్ళను లాక్కుని రావడం, మళ్ళీ లోపలికి పరుగెత్తడం. పాటలో ఆయన పేరుకు ముందు ‘ఫంకీ’ అని ముద్దుగా ఒక విశేషణం తగిలించి, ఆ పరుగులన్నీ ఒక్క వాక్యంలో చెప్పారు. జాజ్ ఫెస్టివల్ పెట్టినందుకు ఎందరు గుర్తుపెట్టుకున్నారో తెలియదుగానీ, ఆ ఒక్క వాక్యం వల్ల ఆయన భూగోళమంతా తిరిగాడు.

మంటలు పెరిగాయి. కొండల మీదినుంచి దిగే గాలి వాటిని ఇంకా ఎగదోసింది. డీప్ పర్పుల్ వాళ్ళు తమ హోటల్ కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నారు. తాము మర్నాటినుంచి పనిచేయాల్సిన చోటు కళ్ళముందే బూడిద అవుతోంది. పొగ దిగివచ్చి సరస్సు మీద దుప్పటిలా పరచుకుంది.

జాపా వాయిద్యాలు, యంత్రాలు మొత్తం కాలిపోయాయి. ఆయన కష్టాలు అంతటితో ఆగలేదు. సరిగ్గా ఆరు రోజులకు, డిసెంబరు 10న, లండన్‌లో రెయిన్‌బో థియేటర్‌లో కచేరీ చేస్తుంటే ప్రేక్షకుల్లోంచి ఒకడు వేదికెక్కి ఆయన్ను కిందికి తోసేశాడు. కాలు విరిగింది, తలకు దెబ్బలు, స్వరపేటిక దెబ్బతిని గొంతు కూడా ఎప్పటికీ ఒక మెట్టు కిందికి దిగిపోయింది. నెలల తరబడి చక్రాల కుర్చీ. ఆ ఏడాది డిసెంబరు ఆయనకు ఏమిచ్చిందో, డీప్ పర్పుల్‌కు ఏమిచ్చిందో చూడండి. నిప్పు పెట్టినవాడి విషయానికొస్తే, పోలీసులకు ఒకరి మీద అనుమానం కలిగినా ఎవరికీ శిక్ష పడలేదు. పాటలో వాడికి పేరు లేదు, ఒక తిట్టు మాత్రం ఉంది. అది నాకు చాలా న్యాయంగా తోస్తుంది.

ఇప్పుడు వీళ్ళ సంగతి. లారీ వచ్చింది, మనుషులున్నారు, చోటు లేదు. నోబ్స్ ఊళ్ళో ‘పెవిలియన్’ అనే పాత థియేటర్ ఇప్పించాడు. అక్కడ సరంజామా దించి మొదటి రోజే ఒక వరస మొదలుపెట్టారు. బ్లాక్‌మోర్ గిటార్ మీద ఒక చిన్న పల్లవి, పేస్ దానికి తాళం. మాటలు లేవు, పేరు లేదు, ‘టైటిల్ నంబర్ 1’ అని రాసుకున్నారు. రాత్రివేళ. ఊరు చిన్నది. వీళ్ళ చప్పుడుకి చుట్టుపక్కల వాళ్ళు నిద్ర లేచి పోలీసులకు ఫోన్ చేశారు. పోలీసులొచ్చి తలుపులు బాదుతుంటే, సామాన్లు మోసే కుర్రాళ్ళు లోపలినుంచి తలుపులకు వీపులానించి నిలబడ్డారు. లోపల టేకు పూర్తయింది. తలుపులు తెరిచారు. థియేటర్ ఖాళీ చేయించారు. పెవిలియన్‌లో వాళ్ళు పూర్తిచేయగలిగింది ఆ ఒక్క వాయిద్య భాగమే. ఈ రోజు మీరు ఆల్బమ్‌లో వినే గిటార్, డ్రమ్స్ ఆ తలుపుల వెనక వాయించినవే.

మళ్ళీ చోటు వెతుకులాట. ఊరి చివర గ్రాండ్ హోటల్ అని ఒకటి, చలికాలానికి మూసేసి ఉంది. వేడి లేదు, మనుషులు లేరు. లారీని బయట నిలిపి, లోపల వసారాలో వాయిద్యాలు పెట్టుకున్నారు. చప్పుడు బయటికి పోకుండా పాత పరుపులు తెచ్చి గోడలకు అడ్డం నిలబెట్టారు. ఎర్ర బల్బులు తగిలించారు. పాట చివరి చరణంలో ఆ ఎర్ర దీపాలు, పాత మంచాలు కనిపిస్తాయే, అవి కవి కల్పన కాదు, అక్కడ పడి ఉన్న సామాను. వాయించింది ఎలా వచ్చిందో వినాలంటే లారీ దాకా పోవాలి. దానికి తిన్నని దారి లేదు. గదుల్లోంచి, స్నానాల గదుల్లోంచి, బాల్కనీల మీదుగా మంచులో దాటుకుంటూ వెళ్ళాలి. రెండు మూడు సార్లు వెళ్ళొచ్చేసరికి విసుగొచ్చి వినడం మానేశారు. బాగానే వచ్చిందిలే అనుకుని తర్వాతి పాటకు పోయేవారు. ఆ ఆల్బమ్‌లో ఒక చురుకుదనం ఉంటుందని అందరూ అంటారు. మళ్ళీ మళ్ళీ విని చెడగొట్టుకునే అవకాశం లేకపోవడం అందులో ఒక పాలు అని నేను నమ్ముతాను. ఈనాడు ఒక్కో అక్షరాన్నీ కంప్యూటర్ తెర మీద సరిదిద్దుకునే మన రికార్డింగ్ మిత్రులు ఏమంటారో.

డిసెంబరు 21కి పని అయిపోవచ్చింది. ఇంజనీర్ మార్టిన్ బిర్చ్ లెక్కచూసి, ఎల్పీ రికార్డు నిండడానికి ఇంకా కొన్ని నిమిషాల పాట తక్కువైంది అన్నాడు. కొత్తది కట్టే టైము లేదు. అప్పుడు ఆ పేరులేని పెవిలియన్ ముక్క గుర్తొచ్చింది. దానికి మాటలు పెడదాం అనుకున్నారు.

పేరు మాత్రం అప్పటికే ఉంది. మంటల తర్వాత కొన్ని రోజులకు ఒక తెల్లవారుజామున రోజర్ గ్లోవర్ నిద్రలోంచి లేస్తూ పైకే ఆ నాలుగు మాటలూ అన్నాడట. తానే అన్నానా అని తనకే అనుమానం. గిలన్‌కు చెబితే, ఇదేదో మత్తుమందు పాటలా ఉంది, మనది మందుకొట్టే బ్యాండు, మనకెందుకు అని కొట్టిపారేశాడు. తీరా మాటలు కావలసి వచ్చేసరికి ఆ పేరే దిక్కయింది. గిలన్, గ్లోవర్ కూర్చుని ఆ మూడు వారాల్లో జరిగింది జరిగినట్టు రాసేశారు. ఊరి పేరు, జాపా పేరు, క్లోడ్ పేరు, కాలిన భవనం, తెచ్చిన లారీ, దొరకని చోటు, చివరికి దొరికిన హోటల్. అలంకారం ఏదైనా ఉందంటే పల్లవిలోనే ఉంది. నీటి మీద పొగ, ఆకాశంలో నిప్పు. అది కూడా కళ్ళతో చూసిందే.

ఇప్పుడు కాస్త గిటార్ అందుకుంటాను. ఒక్క నిమిషం. (గిటార్ శ్రుతి చేస్తూ) పెద్దవాళ్ళకు మన లెక్కలోనే చెప్తాను.

ఈ మూడో తీగను షడ్జమం అనుకోండి. మొత్తం వరసలో ఉన్నవి నాలుగే స్వరాలు. స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం. మొదటి పాదం స గ మ. రెండో పాదం స గ, ప్రతి మధ్యమం తాకి వెంటనే శుద్ధ మధ్యమం మీదికి దిగడం. మూడో పాదం మళ్ళీ స గ మ, అక్కడినుంచి గ, స, ఇంటికి రావడం. (వాయించారు) విన్నారా? రెండు మధ్యమాలు పక్కపక్కనే. మన కచేరీలో అలా వేస్తే కనుబొమలు లేస్తాయి. వీళ్ళకు అది బ్లూస్‌లోంచి వచ్చిన అలవాటు, అమెరికా నల్లవాళ్ళ పాటలోంచి. ఆ ప్రతి మధ్యమం ఒక్క క్షణమే ఉంటుంది. దాన్ని తీసేసి వాయిస్తే... (వాయించారు) చూశారా, చప్పబడిపోయింది.

ఇంకో విశేషం ఉంది. ఒక్కో స్వరమూ ఒంటరిగా రాదు, తనతో కలిపి లెక్కిస్తే కిందికి నాలుగో స్వరాన్ని జంటగా పట్టుకుని వస్తుంది. సకి మంద్ర పంచమం, గకి మంద్ర నిషాదం, మకి స. గిటార్ మీద ఇది చాలా సుళువు. మూడు, నాలుగు తీగలు రెండూ వదిలేయడం, తర్వాత మూడో ఫ్రెట్, అంటే గిటార్ మెడ మీది మూడో మెట్టు, తర్వాత ఐదు. రెండో పాదంలో ఆరు తాకి ఐదుకు రావడం. ఒక వేలు అడ్డంగా పడుకోబెడితే చాలు. అందుకే హైదరాబాద్‌లో గిటార్ క్లాసుకెళ్ళిన కుర్రాడైనా, హాంబర్గ్‌లో కొన్న కుర్రాడైనా మొదటి వారంలోనే దీన్ని పట్టేస్తాడు. గిటార్ షాపుల వాళ్ళు రోజూ విని విని విసిగిపోతారు.

కానీ పట్టేవాళ్ళలో ఎక్కువమంది తప్పుగానే పడతారు, మన వెనక వరసలో నవ్వుతున్నవాళ్ళతో సహా. (నవ్వులు) పిక్‌తో, అంటే మీటే చిన్న బిళ్ళతో, గీస్తారు. బ్లాక్‌మోర్ పిక్ వాడలేదు. రెండు వేళ్ళతో రెండు తీగలనూ ఒకేసారి మీటాడు. పిక్‌తో గీస్తే ఒక తీగ ముందు, ఒకటి వెనక మోగుతుంది. వేళ్ళతో మీటితే రెండూ ఒక్క గొంతుతో పలుకుతాయి. (రెండు విధాలా వాయించారు) తేడా ఇంతే, కానీ ఈ తేడా తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య చాలా దూరం ఉంది.

తర్వాత ఒకరి వెనక ఒకరు ఎలా ప్రవేశిస్తారో వినండి. గిటార్ ఒంటరిగా. డ్రమ్స్‌లో హై హ్యాట్ అనే జంట తాళాల చప్పుడు వచ్చి కలుస్తుంది. జాన్ లార్డ్ ఆర్గన్ అదే వరసను పట్టుకుంటుంది. ఆయన హ్యామండ్ ఆర్గన్‌ను గిటార్ వాళ్ళు వాడే మార్షల్ యాంప్లిఫయర్‌కు తగిలించి మోగించేవాడు. అందుకే అది చర్చిలో ఆర్గన్‌లా కాక ఇంకో గిటార్‌లా గరగరలాడుతుంది. తర్వాత మిగతా డ్రమ్స్, ఆ తర్వాత బేస్, చివరికి గొంతు. నాకైతే ఆ ఆర్గన్ గరగర లేకపోతే ఈ వరస సగమే. అందరూ గిటార్‌నే పొగుడుతారు, లార్డ్‌కు రావలసిన వాటా రాలేదని నా ఫిర్యాదు.

ఇంత చిన్న వరసేమిటని ఎగతాళి చేసినవాళ్ళకు బ్లాక్‌మోర్ బీథోవెన్ ఐదో సింఫనీ మొదటి నాలుగు స్వరాలు చూపించేవాడు. తన వరస దాన్ని తిరగేసిందేనని, ఆయనకు బోలెడు బాకీ పడ్డానని జోకు వేసేవాడు.

ఆల్బమ్ పేరు ‘మెషీన్ హెడ్’. 1972 మార్చిలో వచ్చింది. బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. సింగిల్‌గా, అంటే ఆల్బమ్‌లోంచి విడిగా అమ్మే చిన్న రికార్డుగా, ఏది వేద్దామన్నప్పుడు వీళ్ళందరూ ‘నెవర్ బిఫోర్’ అనే పాట ఎంచుకున్నారు. అది హిట్ అవుతుందని గట్టి నమ్మకం. అది అంతంతమాత్రంగా ఆడింది. ఈ రోజు దాన్ని ఎవరైనా హమ్ చేస్తే నేను వాళ్ళకు కాఫీ ఇప్పిస్తాను. ఖాళీ పూరించడానికి వేసిన పాటేమో ఆల్బమ్‌లో అలా పడి ఉంది. అదే ఏడాది ఆగస్టులో జపాన్ వెళ్ళి ఒసాకా, టోక్యోల్లో వాయించిన కచేరీలు ‘మేడ్ ఇన్ జపాన్’ పేరుతో వచ్చాయి. అది అమెరికాలో విడుదలైన దగ్గర్లోనే, 1973 మేలో, కంపెనీ వాళ్ళు ఈ పాటను అక్కడ సింగిల్‌గా వేశారు. ఒక పక్క స్టూడియోలో చేసింది, రెండో పక్క జపాన్ కచేరీలోది. ఆ వేసవిలో అమెరికా హిట్ పాటల బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగో స్థానం దాకా ఎక్కింది. ఆల్బమ్ వచ్చి ఏడాది దాటాక.

ఇక్కడే ఆ తమాషా. పాట అమెరికా రేడియోల్లో మోగిపోతున్న జూలై నాటికి, దాన్ని పాడిన గిలన్ బృందంలో లేడు. పేరు పెట్టిన గ్లోవరూ లేడు. గిలన్‌కూ బ్లాక్‌మోర్‌కూ పడక, గిలన్ అంతకు ముందే రాజీనామా ఇచ్చి గడువు పూర్తయ్యే దాకా పాడాడు. 1973 జూన్ 29న ఒసాకాలో చివరి కచేరీ చేసి ఇద్దరూ వెళ్ళిపోయారు. వాళ్ళ స్థానంలో వచ్చినవాళ్ళు, వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు, అందరూ ఈ పాట పాడక తప్పలేదు. 1984లో పాత ఐదుగురూ మళ్ళీ కలిశారు, మళ్ళీ విడిపోయారు. ఆ వివరాల్లోకి పోతే రాత్రి అవుతుంది.

ఒక్కటి మాత్రం చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. 1983లో గిలన్ కొన్నాళ్ళు బ్లాక్ సబ్బత్‌లో పాడాడు. ఆ బృందం గిటారిస్టు టోనీ అయోమీ. ఆ పర్యటనలో బ్లాక్ సబ్బత్ వేదిక మీద ఈ డీప్ పర్పుల్ పాటను వాయించేది. రెండు వైపుల అభిమానుల్లోనూ చాలామందికి ఒళ్ళు మండింది. కానీ గిలన్, అయోమీల స్నేహం నిలిచింది.

1988 డిసెంబరు 7న అర్మేనియాలో భూకంపం. అప్పటికది సోవియట్ యూనియన్‌లో భాగం. స్పితాక్ పట్టణం నేలమట్టమైంది, గ్యూమ్రీ, అప్పటి పేరు లెనినకాన్, సగం కూలింది. పాతిక వేలమందికి తక్కువ కాకుండా చనిపోయారు. లండన్‌లో సంగీత కళాకారులు సాయానికి రికార్డు చేద్దామనుకున్నారు. రాక్ ఎయిడ్ అర్మేనియా అని పేరు. 1989లో కొత్త పాట రాయకుండా ఈ పాటనే మళ్ళీ రికార్డు చేశారు. అగ్నిప్రమాదం పాటతో భూకంప సాయమా అని మీకు అనిపించొచ్చు. కానీ ఆ స్టూడియోకు వచ్చినవాళ్ళను చూడండి. బ్లాక్‌మోర్, గిలన్, అయోమీ, క్వీన్ నుంచి బ్రయాన్ మే, రోజర్ టేలర్, పింక్ ఫ్లాయిడ్ నుంచి డేవిడ్ గిల్మోర్, ఐరన్ మెయిడెన్ నుంచి బ్రూస్ డికిన్సన్, పాల్ రాడ్జర్స్, బ్రయాన్ ఆడమ్స్. వేర్వేరు బాణీల వాళ్ళు. వీళ్ళందరికీ రిహార్సల్ లేకుండా చేతికొచ్చే పాట ఏది? ఆ సుళువుతనమే, అంతదాకా ఎగతాళికి గురైన సుళువుతనమే, అక్కడ పనికొచ్చింది.

ఇరవై ఏళ్ళ తర్వాత, 2009లో, అర్మేనియా ప్రభుత్వం పిలిచి సత్కరిస్తే గిలన్, అయోమీ అక్కడికి వెళ్ళారు. గ్యూమ్రీలో పిల్లల సంగీత పాఠశాల చూశారు. భూకంపం తర్వాత తాత్కాలికంగా సర్దుకున్న చోట్లోనే అప్పటికీ నడుస్తోంది. సన్మానాలు అయ్యాక విమానమెక్కి మరిచిపోవచ్చు, చాలామంది అలాగే చేస్తారు. వీళ్ళు 2011లో ‘హూకేర్స్’ పేరుతో ఒక రికార్డు చేశారు. జాన్ లార్డ్ కూడా అందులో వాయించాడు. మరుసటి ఏడాది జూలైలో ఆయన పోయాడు. ఆ డబ్బు కొత్త పాఠశాల కట్టడానికి వెళ్ళింది. 2013 సెప్టెంబరులో అది తెరుచుకుంది. లక్షల మంది గిటార్ నేర్చుకునే కుర్రాళ్ళు, 2007లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో పదహారు వందల మందికి పైగా ఒకేచోట చేరి ఈ వరస వాయించి పెట్టిన రికార్డు, ఇవన్నీ ఈ పాట వారసత్వం కింద రాస్తారు. రాయనివ్వండి. నన్నడిగితే గ్యూమ్రీ బడి వాటికన్నా ముందు రాయాలి.

మోంట్రోలో క్యాసినోను తిరిగి కట్టి 1975లో తెరిచారు. కొత్త భవనంలో మౌంటెన్ స్టూడియో అనే రికార్డింగ్ స్టూడియో వచ్చింది. 1979లో దాన్ని క్వీన్ బృందం కొనుక్కుంది. డేవిడ్ బోయీతో కలిసి ‘అండర్ ప్రెషర్’ చేసింది అక్కడే. ఆ బృందం గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ, అసలు పేరు ఫరోఖ్ బుల్సారా, జాంజిబార్‌లో పుట్టిన పార్సీ, మహారాష్ట్ర పంచగనిలో చదువుకున్నవాడు. ఇప్పుడు సరస్సు ఒడ్డున ఆయన కంచు విగ్రహం ఉంది. డీప్ పర్పుల్ పేరూ ఈ వరస స్వరలిపీ చెక్కిన స్మారకం కూడా అదే ఒడ్డున ఉంది. క్లోడ్ నోబ్స్ 2012 క్రిస్మస్ ముందురోజు స్కీయింగ్ చేస్తూ పడిపోయి, 2013 జనవరి 10న కన్నుమూశాడు. ఆయన దశాబ్దాలపాటు రికార్డు చేయించి దాచిన కచేరీల భాండాగారాన్ని అదే సంవత్సరం యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఒకసారి కళ్ళముందు భవనమంతా బూడిదైన మనిషికి దాచిపెట్టడం మీద అంత పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు. ఇది నా ఊహే, ఆయన అన్న మాట కాదు.

(సభలోంచి ప్రశ్న: కొత్తగా వినేవాళ్ళు ఏది ముందు వినాలండీ?)

మంచి ప్రశ్న. పాత ఎల్పీ మిక్స్‌తో మొదలుపెట్టండి, ‘మెషీన్ హెడ్’ లోది. తర్వాత ‘మేడ్ ఇన్ జపాన్’. అందులో బ్లాక్‌మోర్ మొదట్లోనే వరసను కావాలని తిప్పి వాయిస్తాడు, జనం కాసేపు తికమకపడతారు. ఆయన కొంటెతనం అంతా అక్కడ ఉంది. గిలన్ గొంతు కూడా కచేరీలోనే బాగుంటుంది.

ఇంకొకటి. ఆల్బమ్‌కు యాభై ఏళ్ళయిన సందర్భంగా, కాస్త ఆలస్యంగా, 2024లో ఒక పెద్ద సంచిక వేశారు. మూల టేపులు తీసి మొత్తం ఆల్బమ్‌ను కొత్తగా మిక్స్ చేయించారు. ఆ పని చేసింది డ్వీజిల్ జాపా. అవును, ఫ్రాంక్ జాపా కొడుకే. ఏ కచేరీలో తండ్రి వాయిద్యాలు కాలిపోయాయో, ఆ మంట మీద రాసిన పాటను కొడుకు కూర్చుని సరిచేశాడు. అందులో బేస్, డ్రమ్స్ విడివిడిగా బాగా వినిపిస్తాయి. పాత శ్రోతలు కొందరికి అది నచ్చలేదు, నాకు నచ్చింది. నా దగ్గర ఉంది, స్పీకర్లు సిద్ధంగా ఉన్నాయంటున్నారు. ఐదున్నర నిమిషాలు. వేద్దామా?